సముద్రానికి నలుగురం

బండి ఎక్కేవాళ్ళను లెక్కపెట్టడం నాకున్న రోగం. ఇరవై ఎనిమిదేళ్ళు బొగ్గుబాయిలో చేశాను, అందులో పదిహేనేళ్ళు సర్దారుగా. సర్దారంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. పొద్దున్నే ముఠాను కిందికి దింపడం, కట్టెతో పైకప్పు కొట్టి చూడడం, షిఫ్టు అయ్యాక అందరూ బయటికొచ్చారో లేదో చూసుకోవడం, మధ్యమధ్యలో పైవాళ్ళ చేతా కిందివాళ్ళ చేతా తిట్లు తినడం. ఎంతమంది దిగారో అంతమంది ఎక్కాలి. ఆ ఒక్క లెక్క సరిపోతే సర్దారు మంచివాడు.

2010 మే నెల. గోదావరిఖనిలో పగలు గడప దాటాలంటే తలకు తడిగుడ్డ చుట్టుకోవాల్సిన ఎండలు. అలాంటప్పుడు మేం నలుగురం సముద్రం చూడ్డానికి బయల్దేరాం. నేను, నా భార్య మల్లక్క, మా తమ్ముడి భార్య సారవ్వ, ఆమె కూతురు సంతోషి. సంతోషికి పద్నాలుగేళ్ళు. మాకు పిల్లల్లేరు కాబట్టి ఆ పిల్ల మా ఇంట్లోనే తిని, మా ఇంట్లోనే అలిగి, మా మీదే అరిచి పెరిగింది.

బండి నా సొంతం. ముందుగానే ఉద్యోగం వదిలేసి వచ్చాక ఒక పాత స్కూలు వ్యాను తెచ్చుకున్నాను. సీట్లన్నీ పీకించి రెండు పక్కలా పడుకోవడానికి చెక్కబల్లలు వేయించాను. ఒక మూల గ్యాస్ పొయ్యి, డ్రైవరు సీటు వెనక నీళ్ళ డ్రమ్ము, కిటికీలకు మల్లక్క పాతచీరల పరదాలు. కాలనీలో పిల్లలు దానికి నర్సింగం ఇల్లు అని పేరు పెట్టారు. నర్సింగం అంటే నేనే. బయల్దేరే రోజు వీధి వీధంతా వచ్చి నిలబడింది.

"క్వార్టర్ల నల్ల రెండు దినాలకోపారి వస్తది. గీ బండ్ల నల్ల ఎప్పుడు తిప్పితె అప్పుడు వస్తది. నేనిగ వాపసు రాను" అని మల్లక్క అందరికీ చెప్పింది. అందరూ నవ్వారు.

వాళ్ళ లెక్కలో అది వేసవి సరదా. అసలు సంగతి వేరు. మా పాత ముఠావాడు ఆగయ్య మార్చిలో ఏదో పెళ్ళికి బాపట్ల పోయాడు. అక్కణ్ణుంచి సూర్యలంక బీచికి వెళ్ళి, వల లాగేవాళ్ళలో ఒకణ్ణి చూసి సదయ్యే అనుకున్నాడట. వచ్చి సారవ్వకు చెప్పాడు. "సదన్నా అని పిలిచిన వదినె. ఇటు చూసిండు, మళ్ళ మొకం తిప్పుకున్నడు." సదయ్య నా తమ్ముడు, సారవ్వ మొగుడు. తొమ్మిదేళ్ళ కిందట పెళ్ళాన్నీ బిడ్డనూ వదిలి పోయాడని ఊరంతా అనుకుంటున్న మనిషి. ఆ రోజు నుంచి సారవ్వ నన్ను నిలవనివ్వలేదు.

"సముద్రం దాక పోదాం బావా. ఆయన ఉంటె తోల్కొద్దాం. లేకుంటె పోరి సముద్రం చూసినట్టయితది" అంది.

నేనేం చెప్పను? నా తమ్ముడు ఏ సముద్రం దగ్గరా లేడు. మా బాయిలో, పాత సొరంగంలో, నా చేతులతో పెట్టిన ఇటుక గోడ వెనకాల ఉన్నాడు. ఆ సంగతి భూమ్మీద నాకొక్కడికే తెలుసు. సారవ్వ ముత్తైదువో కాదో తెలిసినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే. ఆమె నుదుటి మీద బొట్టు చూసినప్పుడల్లా తల దించుకునేవాణ్ణి.

చెప్పేస్తాను, దాచి దాచి నా కడుపు కుళ్ళిపోయింది. మా బాయి నోటి దగ్గర ఒక చెక్కబోర్డు ఉండేది. దాని నిండా మేకులు, మేకుకో ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద మనిషి నంబరు. దిగేటప్పుడు ఎవడి బిళ్ళ వాడు తీసుకుపోవాలి, బయటికొచ్చాక మళ్ళీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఇందులో ఒక దొంగపని మేమందరం చేసేవాళ్ళం. షిఫ్టు మధ్యలో ఎవడైనా జారుకోవాలనుకుంటే తన బిళ్ళనూ టోపీలైటునూ దోస్తు చేతిలో పెట్టి, పైకి పోయే వేరేవాళ్ళ వెలుతురు పట్టుకుని వెనకాలే నడిచిపోయేవాడు. షిఫ్టు దిగాక దోస్తు రెండు లైట్లు అప్పగించి, రెండు బిళ్ళలు తగిలించేవాడు. డ్యూటీ నిండా పడేది.

2001లో, శ్రావణమాసంలో, మొదటి షిఫ్టు మధ్యలో సదయ్య నా దగ్గరికొచ్చాడు. రాత్రి తాగింది ఇంకా దిగలేదు. "అన్నా, తల పలుగుతున్నది. నేను పైకి పోత. జర నా బిళ్ళ నువ్వు తగిలియ్యి" అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టి బిళ్ళా లైటూ తీసుకున్నాను. రెండు గంటలకు నా బిళ్ళ పక్కన వాడి బిళ్ళ తగిలించి, ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను. వాడు పైకి పోలేదు. దారిలో పాత సొరంగంలో చల్లగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది, కాసేపు ఒరుగుదామనుకుని ఉంటాడు. మూడున్నరకు అక్కడ కప్పు కూలి, పైనున్న పాత సొరంగాల్లో నిలిచిన నీళ్ళు దిగాయి. రెండో షిఫ్టువాళ్ళను వెనక్కి రప్పించి బోర్డు చూశారు. ఒక్క మేకు కూడా ఖాళీ లేదు. ఒక్క ప్రాణం కూడా పోలేదని ఆ సాయంత్రం మైసమ్మకు కొబ్బరికాయలు కొట్టారు. నేనూ ఒకటి కొట్టాను.

రాత్రి వాడు ఇంటికి రాలేదు. తెల్లారేసరికి నాకు అర్థమైంది. అప్పుడు ఉరికి మేనేజరు కాళ్ళ మీద పడాల్సింది. పడలేదు. సర్దారే దొంగ బిళ్ళ తగిలించాడంటే ఉద్యోగం పోతుంది, కేసవుతుంది. ఆ నీళ్ళలో ఇంకా బతికి ఉంటాడా అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడో రోజు ఆ సొరంగం మూసెయ్యడానికి గోడ కట్టేవాళ్ళలో నన్నూ పెట్టారు. ఛాతీ ఎత్తు లేచింది గోడ. లోపలి నుంచి వచ్చే ఇనుప పైపు మీద ఠక్ ఠక్ ఠక్ అని మూడు దెబ్బలు వినబడ్డాయి. మా బాయిలో మూడు దెబ్బలంటే మనుషులు ఎక్కుతున్నారు, జాగ్రత్త అని. మేస్త్రి తాపీ ఆపి నా మొహం చూశాడు.

"నీళ్ళు. పైపుల గాలి కొడుతున్నది. నువ్వు కానియ్యి" అన్నాను. ఇటుక అందించాను.

ఆ పైన అడిగినవాళ్ళకల్లా, తమ్ముడు చౌరస్తాలో బస్సెక్కుతుంటే నా కళ్ళతో చూశానని చెప్పాను. సారవ్వ అడిగితే మా అమ్మ మీద ఒట్టేసి చెప్పాను. ఆ వారంలోనే మొగుడూ పెళ్ళాలకు పెద్ద గొడవైంది కాబట్టి అందరూ నమ్మారు. ఎవతెతోనో పోయాడన్నారు. సారవ్వ ఆ మాట తొమ్మిదేళ్ళు మోసింది. మెట్టెలు తియ్యలేదు, బొట్టు చెరపలేదు, ప్రతి పండక్కీ వాడికీ ఒక కంచం వేసింది. నేను మాత్రం ఎదురింటి నుంచి అదంతా చూస్తూ మూడు పూటలా తిన్నాను.

ఇప్పుడు అర్థమైంది కదా, ఎవరి కోసం ఎవరితో ఎక్కడికి బయల్దేరానో.

పెద్దపల్లి దాటామో లేదో బండి రేకు మీద మూడు దెబ్బలు వినబడ్డాయి. ఆపి దిగి చుట్టూ తిరిగి చూశాను. టైర్లు బాగానే ఉన్నాయి, పైన కట్టిన చాపలు కదల్లేదు. "ఏందయ్యా, గింత దూరం రాంగనే దిగవడితివి?" అని మల్లక్క కిటికీలోంచి తల పెట్టి అరిచింది. ఏం లేదన్నాను. వరంగల్లు దాకా ఏమీ వినబడలేదు. రేకు ఎండకు సాగి చప్పుడు చేసిందిలే అనుకున్నాను. నాకు ఇలాంటి మాటలు తయారు చేసుకోవడం బాగా అలవాటు.

ఖమ్మం ఇవతల చింతచెట్ల కింద ఆపి అన్నం వండుకున్నాం. మళ్ళీ ఎక్కేటప్పుడు అలవాటు కొద్దీ అద్దంలో చూస్తూ లెక్కపెట్టాను. మల్లక్క ఒకటి, సారవ్వ రెండు, సంతోషి మూడు, నాలుగు. నాతో ఐదు. గేరు వెయ్యబోయి ఆగాను. వెనక్కి తిరిగి చూస్తే ముగ్గురే ఉన్నారు.

"మేము ఏమన్న మేకలమా, పొద్దటి సంది లెక్కవెడుతున్నవు?" అంది మల్లక్క.

అప్పుడే సంతోషి తన బల్ల చివర చెయ్యి పెట్టి, "పెద్దబాపూ, గీడ తడిగున్నది" అంది. డ్రమ్ము కారుతోందిలే బిడ్డా అన్నాను. డ్రమ్ము నా వీపు వెనక ఉంది. ఆ బల్ల బండి చివర ఉంది. సంతోషి చెయ్యి గౌనుకు తుడుచుకుంటే గౌను మీద నల్లటి మరక పడింది. తడి బొగ్గు వాసన నాకు కొత్త కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ వాసనతోనే ఇంటికొచ్చినవాణ్ణి. ఇప్పుడు మాత్రం కిటికీ అద్దం మొత్తం దించేశాను.

విజయవాడలో ఒక పోలీసు ఆపాడు. ఆ రోజుల్లో మావైపు బండ్ల నంబర్ల మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాసుకునేవాళ్ళం, నా బండి మీదా ఉంది. అతను దాని మీద లాఠీతో కొట్టి "ఇదేంటండీ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మల్లక్క అందుకుంది. "మా రాష్ట్రం మేము తెచ్చుకుంటం గని, మీ సముద్రం జర చూసి పోతం బిడ్డా. తీసుకపోం, ఫికర్ చెయ్యకు." అతను నవ్వి వదిలేశాడు. ఆ దారి మొత్తంలో నేనూ నవ్వింది అదొక్కసారే.

రెండో రోజు పది గంటలకు సూర్యలంక చేరాం. దారిలో రెండుసార్లు వాంతి చేసుకున్న సంతోషి బండి ఆగకముందే దూకి, చెప్పులు ఒకటిటు ఒకటటు విసిరేసి పరిగెత్తింది. మల్లక్క చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని, అల వచ్చినప్పుడల్లా "అవ్వో" అని వెనక్కి, పోయినప్పుడల్లా ముందుకీ గెంతుతోంది. యాభై ఏళ్ళ మనిషిని అలా చూస్తే నాకు ముచ్చటేసింది. నేను మాత్రం దిగలేదు. అంత నీళ్ళు ఒక్కచోట చూసేసరికి నా చేతులు స్టీరింగు వదల్లేదు.

సారవ్వ నీళ్ళ వైపు చూడనే లేదు. బొట్టు సరిచేసుకుని, నేరుగా బండి పక్కనే ఉన్న, చేపలు వేయించి అమ్మే పాక దగ్గరికి వెళ్ళింది. పాకలో ఉన్నామె పేరు అమ్మణ్ణి. సారవ్వ చీరకొంగు ముడి విప్పి మొగుడి ఫోటో తీసి చూపించింది. అమ్మణ్ణి ఫోటో దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

"ఏమోనమ్మా, ఇలాంటాయన ఒకాయన వలకి వస్తాడు గానీ, ఈయనో కాదో చెప్పలేను. ఆ వల జట్టు పక్క ఊళ్ళో ఉంటారు. పొద్దున్నే వెళ్తే దొరుకుతారు" అంది.

సారవ్వ మొహం వెలిగిపోయింది. వెనక్కొచ్చి "రేపు పొద్దుగాల్నే పోదాం బావా" అంది. ఎందుకమ్మా ఎవరో చెప్పిన మాట పట్టుకుని అన్నాను. వద్దన్నాను. ఇంటికి పోదామన్నాను. ఆమె వినలేదు. నాకు కోపమొచ్చింది. తప్పు నాది, కోపం ఆమె మీద. తొమ్మిదేళ్ళుగా నా బతుకంతా అలాగే గడిచింది.

ఆ కోపంలో చేసిన తెలివితక్కువ పని వినండి. బండిలోంచే అలలు కనబడితే పిల్ల సంతోషపడుతుందని, బండిని నీళ్ళ అంచు దాకా తోలాను. బాయిలో నేలంటే రాయి. తడి ఇసుక కూడా కాలికి గట్టిగానే తగిలింది కదా అనుకున్నాను. అమ్మణ్ణి పాకలోంచి చేతులూపుతూ అరిచింది. "ఏవండోయ్, పోటు వచ్చే వేళండీ! బండి పైకి తీసెయ్యండి!" నాకు తెల్వదా అని విసుక్కుని, దిగి, పాక నీడలో చాప మీద వాలాను.

కళ్ళు తెరిచేసరికి రెండు దాటింది. చక్రాలు సగం దాకా ఇసుకలో దిగబడిపోయాయి. అలలు తలుపు మెట్టు మీదికి ఎక్కుతున్నాయి. ఉరికిపోయి ఇంజను తిప్పితే చక్రాలు గిర్రున తిరిగి ఇంకా కిందికి పోయాయి. బండి నీళ్ళ వైపు ఒరిగింది. తలుపు కింది నుంచి నీళ్ళు లోపలికి వచ్చి నా పాదాలను తాకాయి. ఎలా దిగానో, ఎలా పొడి ఇసుక మీదికి వచ్చిపడ్డానో గుర్తులేదు.

"అందరు బయటికి రాండ్రి! అందరు గీడికి రాండ్రి!" అని పాత గొంతుతో అరిచాను. వచ్చి నిలబడ్డారు. లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాతో నాలుగు.

సరిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మణ్ణి కేకలకు జాలర్లు మోకులు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "లోపలెవరన్నా ఉన్నారాండీ?" అని ఒకతను అడిగాడు.

"ఎవ్వరు లేరు. నలుగురం నలుగురమే బయట ఉన్నం. బండి పోతె పోయింది, మీరు నీళ్ళల్లకు దిగకున్రి" అన్నాను. చాలా ఏళ్ళ తర్వాత మంచి సర్దారులా మాట్లాడాను.

అప్పుడు బండి రేకు మీద ఠక్ ఠక్ ఠక్ అని మూడు దెబ్బలు.

మళ్ళీ మనుషుల వైపు చూశాను. మల్లక్క ఉంది. సారవ్వ ఉంది. వాళ్ళిద్దరి మధ్యలో మూడో మనిషి నాకు వీపు చేసి నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ పైకి ఉన్న నిక్కరు, ఒంటికి అతుక్కుపోయిన తడి అంగి, మెడ మీద ఎడమవైపు పుట్టుమచ్చ. పన్నెండేళ్ళు ఒకే ముఠాలో, రోజూ లెక్కపెట్టిన మనిషి. ఆలోచించకుండానే లెక్కలో కలిపేశాను. రెప్ప వేసి చూసేసరికి వాళ్ళిద్దరే ఉన్నారు.

"సంతోషి ఏది?" అంది సారవ్వ.

ఆమె మాట పూర్తయ్యేసరికి నేను నీళ్ళలో ఉన్నాను. నడుము దాకా వచ్చింది అల. తలుపు బిగుసుకుపోయి రాలేదు. వెనకవైపు అద్దం మోచేత్తో పగలగొట్టి లోపలికి పాకాను. నీళ్ళు ఒకవైపు బల్లను మింగేశాయి. పిల్ల నేను పాకలో పడుకున్నాక ఎప్పుడు వచ్చి ఎక్కిందో, రెండో బల్ల మీద, గోడకు నొక్కుకుపోయి, ప్రయాణంలో వాంతులైన నీరసంతో ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. నీళ్ళు దాని జడను తడిపాయి. కాలు పట్టి గుంజాను. జాలర్లు నా నడుము పట్టుకుని ఇద్దర్నీ ఒకేసారి లాగారు. ఆ తర్వాత ఇరవై మంది మోకు కట్టి, గంటసేపు హైలెస్సా అని అరుస్తూ బండిని కూడా ఒడ్డుకు లాగారు. మల్లక్క వాళ్ళతో పాటు మోకు పట్టుకుని అందరికంటే గట్టిగా అరిచింది.

నాలుగు గంటలకు అమ్మణ్ణి పాకలో కూర్చున్నాం. సంతోషికి వేడి చాయ్ తాగించారు. నా మోచేతికి అమ్మణ్ణి గుడ్డ కట్టింది.

"నువ్వు రేకు కొట్టినవ్ గద బిడ్డా?" అని అడిగాను.

"లేదు పెద్దబాపూ. నేను పండుకున్న. నువ్వు కాలు గుంజితె లేచిన" అంది.

నాకిక ఆగలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మణ్ణి చూసి, మెల్లగా లేచి బయటికి వెళ్ళిపోయింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. బిళ్ళ సంగతి, సొరంగం సంగతి, కొబ్బరికాయ సంగతి, గోడ సంగతి, పైపు మీద దెబ్బల సంగతి. చౌరస్తాలో బస్సు లేదని, బస్సెక్కిన మనిషి లేడని చెప్పాను. "ఇంతసేపు మన పక్కన్నె నిలవడ్డడు సారవ్వా. వాణ్ణి కలిపి లెక్కవెట్టిన. గందుకే పిల్ల లోపల ఉన్నది తెల్వలె" అన్నాను. తల ఎత్తకుండా అంతా చెప్పాను. చెప్పడం అయ్యాక కూడా తల ఎత్తలేదు.

సారవ్వ ఏడుస్తుందనుకున్నాను. మీదపడి రక్కుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అయిందా?" అంది ఆమె.

తలెత్తాను. ఆమె తడిసిన బట్టలు పిండుతోంది.

"నీకు నీళ్ళ భయం తలకెక్కింది బావా. పోరి పోతుండె, భయపడ్డవు, నేను కాదంట లేను. రేపు పక్కూరికి పోదామంటె పొద్దటి సంది వద్దు వద్దంటున్నవు. ఇంటికి తోల్కపోవాల్నని గింత మాట అంటవా?"

"అబద్ధం కాదు సారవ్వా. నీ కాళ్ళు మొక్కుత, నమ్ము."

"ఏది నమ్మాలె? తొమ్మిదేండ్ల సంది నువ్వే చెప్పినవ్. ఆకుపచ్చ అంగి ఏసుకున్నడు, కిటికీ పక్క సీటుల కూసున్నడు, చేతుల పల్లీల పొట్లం ఉన్నది, నిన్ను చూసి మొకం తిప్పుకున్నడు అని. ఎన్నిమాట్ల అడిగినా గదే చెప్పినవ్. ఒక్క ముక్క అటిటు కాలే. మొన్న ఆగయ్య గూడ గదే అన్నడు, మొకం తిప్పుకున్నడని. అబద్ధమాడేటోడు బస్సెక్కిండంటడు, ఊకుంటడు. పల్లీల పొట్లం ఎందుకు చెప్తడు?"

పల్లీల పొట్లం నేను రెండో ఏడు కలిపాను. ఒకరోజు సారవ్వ మా గడప మీద కూర్చుని, "ఆయన పొద్దటి సద్ది గూడ తినలేదు బావా, ఆకలితోనే పోయిండు" అని వెక్కి వెక్కి ఏడ్చింది. చూడలేక, లేదు లేదు, పల్లీలు తింటున్నాడు అన్నాను. ఆ పూట ఆమె అన్నం తింది. ఆ సంగతి ఇప్పుడు చెప్పినా వినేట్టు లేదు.

"గోడ మాట చెప్పిన గద. పైపు మీద దెబ్బలు..." అన్నాను.

సారవ్వ లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. గొంతు మెత్తబడింది.

"గదే నమ్మను బావా. సొంత తమ్ముడు గోడెనుక తడుతుంటె ఇటుక అందిచ్చేటోడివా నువ్వు? నా బిడ్డ కోసం ఇంతకు ముందు నీళ్ళల్ల దునికినవ్. నా ఇంట్ల బియ్యం అయిపోతె అడగక ముందే తెచ్చినవ్. నువ్వు గసొంటి మనిషివి కాదు. నాకు తెల్వదా?"

మల్లక్క అంతసేపూ నా మొహం చూడలేదు, నా చేతులనే చూస్తూ ఉంది. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, నేను నిజం చెప్పేటప్పుడు ఎలా ఉంటానో ఆమెకు తెలుసు. సంతోషి చాయ్ గ్లాసు కింద పెట్టి, నాకు దూరంగా జరిగి కూర్చుంది. నమ్మాల్సిన మనిషి నమ్మలేదు. నమ్మకపోతే బాగుండుననుకున్న ఇద్దరూ నమ్మారు.

మర్నాడు పొద్దున జాలరొకతను ఇంజనులో చేరిన నీళ్ళు తీసి, ఎలాగో బండిని నడిచేట్టు చేశాడు. ఇసుకదారిలో పక్క ఊరికి పోయాం. సంతోషి నా వెనక కూర్చోకుండా అందరికంటే చివర కూర్చుంది. నేను లెక్కపెట్టలేదు. అద్దం పక్కకు తిప్పేశాను.

ఊరి మొదట్లోనే ఒక ముసలాయన వల బాగుచేసుకుంటూ కనబడ్డాడు. సారవ్వ దిగి ఫోటో నా చేతిలో పెట్టింది. "నువ్వడుగు బావా. వీళ్ళ మాట నాకు జల్ది అర్థం గాదు" అంది. తొమ్మిదేళ్ళలో ఆ ఫోటో దగ్గరగా చూడటం అదే మొదలు. సదయ్య కొత్తగా బాయిలో చేరిన రోజు తీయించుకున్నది. పక్కన నేను కూడా ఉండాలి, నన్ను కత్తిరించి వాణ్ణొక్కణ్ణే ఉంచుకుంది.

ముసలాయన ముందు కూర్చుని ఫోటో ఇచ్చాను. "ఈ మనిషిని గీడ ఎక్కడన్న చూసిన్రా?"

ఆయన చూశాడు. ఫోటో చూసి నన్ను చూశాడు. "మీ తమ్ముడా?" అన్నాడు. అవునన్నాను. వల పక్కన పెట్టి గొంతు తగ్గించాడు.

"ఏమీ అనుకోకండి. మా ఊరికి ఫోటో పట్టుకుని వచ్చేవాళ్ళు రెండు రకాలండి. బతికున్న మనిషి కోసం వచ్చేవాళ్ళు, శవం ఏమన్నా కొట్టుకొచ్చిందా అని వచ్చేవాళ్ళు. మీరు దేనికొచ్చారో చెబితే, నేను ఎవరి దగ్గరికి పంపాలో చెబుతాను."

సారవ్వ నా భుజం వెనకే నిలబడి ఉంది. బండి తలుపు దగ్గర మల్లక్కా సంతోషీ నన్నే చూస్తున్నారు. నిజం నా నాలుక చివరే ఉంది, నిన్న ఒకసారి బయటికొచ్చిందే. మూడు మాటలు చెబితే చాలు.

"బతికున్న మనిషి కోసమే" అన్నాను.

సంతోషి లేచి బండిలోకి పోయి పరదా లాగేసింది. ముసలాయన తల ఊపాడు. "అయితే ఈ ఊళ్ళో లేడండి. ఇలా తీరం వెంబడే పోతే ఇంకా చాలా ఊళ్ళున్నాయి, అడుగుతా వెళ్ళండి" అన్నాడు.

సారవ్వ నా చేతిలోంచి ఫోటో తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్ళీ ముడి వేసుకుంది.

"పా బావా, పోదాం" అంది.